బీపీఈడీ చదవబోయే కోనసీమ పిల్లలకు: ఆడటం నుంచి ఆడించడం దాకా

వ్యాయామ విద్యలో డిగ్రీ అయిన బీపీఈడీలో చేరాలనుకునే పిల్లలు నన్ను కలిసినప్పుడు ముందు అడిగేది వంద మీటర్లు ఎన్ని సెకన్లలో పరుగెత్తాలనే. దానికి జవాబు చెప్పేలోపే నేను ఒక ప్రశ్న వేస్తాను. మీ బడిలో ఆటల పీరియడ్ వచ్చినప్పుడు ఎంతమంది ఆడేవారు, ఎంతమంది చెట్టు కింద కూర్చునేవారు? ఆ కూర్చున్న వాళ్ల గురించి ఆలోచించే ఓపిక ఉన్నవాళ్లు ఈ చదువులో బాగా రాణిస్తారు. మంచి ఆటగాళ్లు చాలామంది ఈ కోర్సులో చేరి విసుగుపడటం చూశాను. తమ ఆట మెరుగవుతుందని వస్తారు. ఇక్కడ నేర్పేది ఇతరులను ఆడించడం.

నాది అంబాజీపేట వైపు. కబడ్డీ ఆడుతూ పెరిగాను. డిగ్రీ అయ్యాక బీపీఈడీ, ఆపైన ఎంపీఈడీ చదివి, ఇప్పుడు కోనసీమలోనే ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. డెల్టాలో పుట్టిన పిల్లలకు ఈ చదువులో ఏవి అక్కరకొస్తాయో, ఎక్కడ ఇబ్బంది పడతారో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ఏ కోర్సు, ఎలా చేరాలి

ఇంటర్ తరువాత డీపీఈడీ అనే డిప్లొమా, డిగ్రీ తరువాత బీపీఈడీ, దాని తరువాత ఎంపీఈడీ అనే పీజీ. మూడూ రెండేసి సంవత్సరాల చదువులే. డీపీఈడీతో పీఈటీ అనే వ్యాయామ ఉపాధ్యాయ పోస్టుకు, బీపీఈడీతో స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు డీఎస్సీ రాయవచ్చు. డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ కావాలంటే ఎంపీఈడీతో పాటు అధ్యాపక అర్హత పరీక్షలైన నెట్ లేదా స్లెట్ కావాలి. ఇంటర్ కాగానే నాలుగేళ్ల బీపీఈడీ చదవాలనుకునేవారికి గ్వాలియర్‌లో లక్ష్మీబాయి జాతీయ వ్యాయామ విద్యా సంస్థ ఉంది. 1957లో కళాశాలగా మొదలైన సంస్థ అది. చెన్నైలోని వైఎంసీఏ వ్యాయామ కళాశాల ఇంకా పాతది, 1920 నాటిది.

మన రాష్ట్రంలో డీపీఈడీకి, బీపీఈడీకి ప్రవేశ పరీక్ష పీఈసెట్. రాత పరీక్ష ఉండదు. శారీరక సామర్థ్యానికి 400 మార్కులు, మీరు ఎంచుకున్న ఆటలో నైపుణ్యానికి 100 మార్కులు. అబ్బాయిలకు 100 మీటర్లు, 800 మీటర్లు, గుండు విసరడం, లాంగ్ జంప్ లేదా హైజంప్. అమ్మాయిలకు 800కు బదులు 400 మీటర్లు. పరీక్ష ఎక్కువగా వేసవి చివర వస్తుంది కాబట్టి సంక్రాంతి నుంచే సాధన మొదలుపెట్టండి.

మన పిల్లలకు పరుగు సమస్య కాదు. కాలువ గట్టు మీద రోజూ సైకిల్ తొక్కే కాళ్లు అవి. మార్కులు పోయేది గుండు దగ్గర. భుజబలంతో తోసేయాలని చూస్తారు. గుండు వేగం కాళ్ల నుంచి మొదలై, నడుము తిరిగి, ఛాతీ దాటి, చివరికి వేళ్ల దాకా రావాలి. వదిలే కోణం 45 డిగ్రీల కన్నా తక్కువే ఉండాలి. గుండు నేల నుంచి కాక మీ భుజం ఎత్తు నుంచి బయలుదేరుతుంది, పైగా మరీ పైకి తోయబోతే చేతికి బలం తగ్గుతుంది. లాంగ్ జంప్‌కు లంకల దగ్గర గోదావరి ఇసుక కన్నా మంచి చోటు దొరకదు. అయితే మెత్తటి ఇసుకలో దిగడం మాత్రమే సాధన చేయండి, పరుగు గట్టి నేల మీదే ఉండాలి. వాన పడిన నల్లమట్టి మీద పరుగెత్తవద్దు. అడుగుకు మట్టి అంటుకుని కాలు బరువెక్కుతుంది, చీలమండ మెలిపడుతుంది.

కౌన్సెలింగ్‌లో కాలేజీ పేరు రాసే ముందు ఒకసారి వెళ్లి చూసి రండి. భవనాన్ని కాదు, మైదానాన్ని చూడండి. ట్రాక్ గీతలు తాజాగా ఉన్నాయా, లాంగ్ జంప్ గుంటలో ఇసుక ఉందా లేక గడ్డి మొలిచిందా? ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గది, పనిచేసే మరుగుదొడ్డి ఉన్నాయా? సామాను గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో అక్కడి విద్యార్థులను అడగండి. తాళం ఎప్పుడూ ఎవరికీ దొరకని కాలేజీలో మీరు రెండేళ్లూ నోట్సు రాసుకుంటారంతే.

ఎముకల పాఠం భయం వద్దు

తెలుగు మాధ్యమంలో చదివినవారు మొదటి సెమిస్టర్‌లో శరీర నిర్మాణ శాస్త్రం చూసి బెదిరిపోతారు. 206 ఎముకలు, నోరు తిరగని లాటిన్ పేర్లు. వాటిని పుస్తకంలో కాక మీ ఒంటి మీద నేర్చుకోండి. తొడ వెనుక కండరాన్ని చేత్తో పట్టుకుని కాలు మడవండి, చాపండి. హ్యామ్‌స్ట్రింగ్ అనే ఆ కండరాల గుంపులో ఎక్కువ భాగం తుంటి కీలును, మోకాలి కీలును రెండింటినీ దాటి వెళ్తుంది. వేగంగా పరుగెత్తేటప్పుడు ముందుకు విసిరిన కాలు నేలను తాకబోయే క్షణంలో అది బాగా సాగి, అదే సమయంలో కాలిని ఆపే పని కూడా చేస్తుంది. అందుకే పరుగువీరులకు తరచుగా పట్టేసేది అదే. ఇలా కారణం తెలిసిన పేరు మరచిపోవడం కష్టం.

ఒంటి కదలికల లెక్క చెప్పే జీవయాంత్రిక శాస్త్రానికి (బయోమెకానిక్స్) మన దగ్గరే ఉదాహరణ ఉంది. అమలాపురం కుర్రవాడు, బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు సాధించాడు. వేగం మణికట్టులో పుట్టిందనుకుంటే పొరపాటు. పాదం నేలను తన్నడంతో మొదలై, తుంటి, నడుము, భుజం, మోచేయి, మణికట్టు వరుసగా ఒకదాని వేగాన్ని ఇంకొకటి అందుకుంటూ పోతాయి. ఆయన ఆట వీడియోను నెమ్మదిగా తిప్పి చూసి ఈ వరుసను కాగితం మీద బొమ్మలు వేయండి. గుండు విసరడంలోనూ ఇదే వరుస కనిపిస్తుంది. ఆయన తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడన్న సంగతి కూడా చెప్పాలి. మా వృత్తిలో ఉన్నవాళ్లం ఆ మాట గర్వంగా చెప్పుకుంటాం.

కొలతలు, మూల్యాంకనం అనే పేపర్‌లో హార్వర్డ్ స్టెప్ టెస్ట్ ఉంటుంది. అబ్బాయిలకు 20 అంగుళాల ఎత్తున్న బల్ల, నిమిషానికి 30 సార్ల చొప్పున ఐదు నిమిషాలు ఎక్కి దిగడం. ఆపాక 1, 2, 3 నిమిషాలు గడిచినప్పుడు అరనిమిషం చొప్పున నాడి లెక్కపెట్టాలి. చేసిన సెకన్లను 100తో హెచ్చించి, మూడు లెక్కల మొత్తానికి రెట్టింపుతో భాగిస్తే సూచిక వస్తుంది. ఐదు నిమిషాలూ పూర్తిచేసినవారికి 80, 65, 55 వచ్చాయనుకోండి. 30,000ను 400తో భాగిస్తే 75. ఇది సగటు స్థాయి. మీ ఇంటి అరుగు ఎత్తు కొలిచి చూడండి. సరిపోతే ఇంట్లోనే తమ్ముడి మీదా అన్నయ్య మీదా లెక్క కట్టవచ్చు.

గీతలు గీయడం

కొంచెం వివరంగా చెప్పాల్సింది ఇక్కడే. ట్రాక్ గీయడం వచ్చిన వ్యాయామ ఉపాధ్యాయులు ఊరికి ఒక్కరున్నా ఆ ఊరి పిల్లల అదృష్టం. పరీక్ష కోసం 400 మీటర్ల ట్రాక్ లెక్క కంఠస్థం చేస్తారు. తీరా ఉద్యోగంలో చేరాక అంత స్థలం మన డెల్టాలో ఎక్కడ దొరుకుతుంది? బడికి ఒకవైపు కాలువ, రెండోవైపు కొబ్బరితోట, మూడోవైపు వరిచేను. అందుకని 200 మీటర్ల ట్రాక్ చేతిలో ఉండాలి.

పరుగు వ్యాసార్ధం 18 మీటర్లు తీసుకోండి. రెండు అర్ధవృత్తాలూ కలిపి 113.10 మీటర్లు అవుతాయి. మిగిలిన 86.90 మీటర్లను రెండు సరళరేఖలకు పంచితే ఒక్కొక్కటి 43.45. మైదానం మధ్యలో 43.45 మీటర్ల దూరంలో రెండు మేకులు దిగగొట్టండి. అవే కేంద్రాలు. సరళరేఖ ఎక్కడ ముగిసి వంపు ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే ఒక్కో మేకు దగ్గర లంబం నిలపాలి, దానికి యంత్రాలు అక్కర్లేదు. 12 మీటర్ల తాడు రెండు కొసలూ కలిపి, ఒక కొస నుంచి 3, 7 మీటర్ల దగ్గర ముళ్లు వేసి, మూడు మూలలా ముగ్గురు పిల్లలు బిగించి పట్టుకుంటే 3, 4, 5 భుజాల త్రిభుజం వస్తుంది. అందులో 3, 4 భుజాలు కలిసే మూల లంబకోణం. పిల్లలకు పైథాగరస్ సిద్ధాంతం ఆ రోజు బాగా అర్థమవుతుంది. గణితం మాస్టారిని కూడా పిలవండి.

ఇక లోపలి గీతకు తాడు 17.80 మీటర్లు తిప్పాలి, 18 కాదు. సున్నం గీత మాత్రమే ఉన్న ట్రాక్‌లో పరుగెత్తేవారి దూరాన్ని లోపలి గీతకు 20 సెంటీమీటర్ల బయట లెక్కిస్తారు. పెద్ద స్టేడియంలో మాదిరిగా లోపల ఎత్తైన అంచు ఉంటే 30 సెంటీమీటర్లు. ఈ తేడా పట్టించుకోకుండా పుస్తకంలోని అంకెలు దింపితే లెక్క చెడుతుంది. స్టేడియం ట్రాక్‌లో రెండో లేన్‌వారు ఒక పూర్తి చుట్టుకు 7.04 మీటర్లు ముందు నిలబడాలి. మన సున్నం ట్రాక్‌లో అది 7.67. మూడో లేన్‌కు 15.33, నాలుగో లేన్‌కు 23.00. లేన్ వెడల్పు 1.22 మీటర్లు. దాన్ని రెండు పైలతో హెచ్చిస్తే ఈ 7.67 వస్తుంది. ట్రాక్ వ్యాసార్ధం ఈ లెక్కలోకి రాదు. అందుచేత చుట్టు 200 మీటర్లదైనా 400 మీటర్లదైనా, మొత్తం లేన్‌లోనే పరుగెత్తే పూర్తి చుట్టుకు ముందుకు జరిగే దూరం ఒకటే. ఇది తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

నాలుగు లేన్ల ట్రాక్‌కు దాదాపు 89 మీటర్ల పొడవు, 45.5 మీటర్ల వెడల్పు పడుతుంది. చుట్టూ కాస్త ఖాళీ ఉంచుకోవాలి. కొబ్బరి తాడు వాడవద్దు, తడిస్తే ఒకలా, ఎండితే ఒకలా ఉంటుంది. వ్యాసార్ధంలో 10 సెంటీమీటర్లు తేడా వస్తే చుట్టులో 63 సెంటీమీటర్లు తేడా పడుతుంది. స్టీలు టేపు గానీ ఇనుప తీగ గానీ వాడండి. ఇక మన నల్లమట్టి వేసవిలో నెర్రెలు విచ్చి, వానల్లో ఉబ్బి, పాతిన మేకును కదిపేస్తుంది. రెండు కేంద్రాల దగ్గరా గుంత తీసి, సిమెంటు పోసి, ఇనుప కడ్డీని నేల మట్టానికి నిలిపేస్తే ఏటా గీతలు గీయడం ఒక పూట పని. కడ్డీ తల పైకి లేవకుండా చూడండి, పిల్లల కాళ్లకు తగులుతుంది. సార్వా కోతల సమయంలో బడి మైదానంలో ధాన్యం ఆరబోస్తారు. రైతులతో ముందే మాట్లాడుకుని కొంత భాగం ఆటకు ఉంచుకోవచ్చు. కసిరితే ఇటు ధాన్యమూ కదలదు, అటు సంబంధాలూ చెడతాయి.

నిర్వహణ పేపర్‌లో వచ్చే పోటీల పట్టిక కూడా ఊరికి పనికొచ్చేదే. సంక్రాంతి కబడ్డీకి 11 జట్లు వచ్చాయనుకోండి. అందరితో అందరూ ఆడే లీగ్ పెడితే 55 ఆటలు కావాలి, పండుగ మూడు రోజుల్లో తేలవు. నాకౌట్ అయితే పదే. 2, 4, 8, 16 వరుసలో 11 దాటగానే వచ్చేది 16. అందులోంచి 11 తీసేస్తే 5 బైలు, అంటే ఐదు జట్లు మొదటి రౌండు ఆడకుండానే రెండో రౌండుకు వెళ్తాయి. పై సగంలో 6 జట్లు, 2 బైలు, కింది సగంలో 5 జట్లు, 3 బైలు. అయితే నాకౌట్‌లో ఓడిన జట్టు ఒక్క ఆటతో ఇంటికి పోతుంది. దూరపు లంకల నుంచి పంటు దాటి వచ్చిన పిల్లలను ఒక్క ఆటకే పంపేయడం నాకు ఇష్టం ఉండదు. మొదటి రౌండులో ఓడినవారికి వేరే చిన్న పట్టిక వేస్తాను.

చెట్టు కింద కూర్చున్నవారు

టీచింగ్ ప్రాక్టీసులో లెసన్ ప్లాన్ రాయడం అందరూ నేర్చుకుంటారు. రాసింది రాసినట్టు నడిపితే మార్కులూ వస్తాయి. కానీ క్లాసులో 60 మంది ఉంటే, వాలీబాల్ కోర్టులో ఒకేసారి 12 మందే ఆడతారు. మిగతా 48 మంది ఏం చేయాలన్నది మీ ప్లాన్‌లో మొదటి వాక్యం కావాలి. మైదానాన్ని ఐదారు చోట్లుగా విడగొట్టి, ఒకచోట బంతి అందుకోవడం, ఒకచోట తాడాట, ఒకచోట ఖోఖో లేచి పరుగెత్తడం, ఇలా పెట్టి విజిల్ వేసినప్పుడల్లా గుంపులు మారితే అందరి ఒంటికీ చెమట పడుతుంది. వలను కిందికి దించండి, మెత్తటి బంతి ఇవ్వండి. నియమాలు పిల్లల కోసం మారతాయి. పిల్లలకు రోజుకు సగటున గంటసేపు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. నిలబడి చూస్తున్న పిల్లలకు అది ఎప్పటికి అందుతుంది?

ఆడపిల్లలు ఎనిమిదో తరగతి దాటగానే ఆట మానేస్తారు. బద్ధకం అని కొట్టిపారేయకండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. రెండు చుట్లకే రొప్పే పిల్లను తిట్టే ముందు, బడిలో వారం వారం ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర వేసుకుంటోందో లేదో కనుక్కోండి. ఇంట్లో ఎవరు వద్దంటున్నారో తెలుసుకోండి. చాలాసార్లు వద్దనేది నాన్న కాదు, నాయనమ్మ. ఆమెను ఒకసారి మైదానానికి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెడితే సగం పని అయిపోతుంది. "మా రోజుల్లో తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లమమ్మా" అంటూ తనే మొదలుపెడుతుంది. ఆమె కాలం ఆటలన్నీ రాసుకోండి, మీ రికార్డుకు అంతకన్నా మంచి సామగ్రి ఉండదు.

నీరూ ఎండా

డెల్టాలో పనిచేసేవారికి ఈ రెండూ రాకపోతే చదువు పూర్తి కానట్టే. ఇంటి ముందే కాలువ ఉన్నా ఈత రాని పిల్లలు మన దగ్గర ఎందరో. ఈత, నీటిలో ప్రాణరక్షణ నేర్చుకునే అవకాశం కాలేజీలో దొరికితే వదలకండి. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి సెలవుల్లో నేర్చుకుందామంటే నీరుండదు. నీరున్న రోజుల్లోనే, పెద్దలు ఒడ్డున ఉండగా నేర్చుకోవాలి. లాకుల దగ్గర, తూముల కింద ఎప్పుడూ దిగకూడదు. పైకి నిశ్చలంగా కనిపించినా లోపల సుడి లాగేస్తుంది.

మునుగుతున్నవారి కోసం వెంటనే దూకవద్దని పిల్లలకు నేర్పండి. గడ, తాడు, చీర, ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, ఏది దొరికితే అది అందించాలి. బయటికి తీశాక శ్వాస లేకపోతే 108కు ఫోను చేయిస్తూనే, ముందు నోటితో శ్వాస ఇచ్చి, తరువాత ఛాతీ నొక్కాలి. పెద్దవారికి 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో 30 నొక్కులు, ఆపై 2 శ్వాసలు. పొట్ట మీద నొక్కి నీళ్లు కక్కించడం, తలకిందులుగా తిప్పడం ఇప్పటికీ ఊళ్లలో చేస్తున్నారు. దాంతో విలువైన నిమిషాలు పోతాయి. ఈ ఒక్క అలవాటు మాన్పించగలిగినా మీరు చదివిన చదువు సార్థకమే.

ఎండ విషయానికి వస్తే, మన గాలిలో తేమ వల్ల చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఏప్రిల్‌లో హఠాత్తుగా గట్టి సాధన మొదలుపెట్టకుండా పది పదిహేను రోజులు కొద్దికొద్దిగా పెంచండి. కొబ్బరి నీళ్లు మంచివే. వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా సోడియం కాబట్టి ఎక్కువసేపు ఆడినప్పుడు ఉప్పు వేసిన మజ్జిగ కూడా తాగాలి. ఆటగాళ్లు తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడితే నీడకు చేర్చి ఒంటి మీద నీళ్లు పోసి గాలి విసరండి. వడదెబ్బకు ఆలస్యం పనికిరాదు.

తీరిక గురించిన పేపర్

వినోదం, విరామ సమయం అనే పాఠాన్ని చాలామంది చివరి వారంలో చదువుతారు. నాకు చాలా ఇష్టమైన పాఠం అది. మనిషికి విశ్రాంతి, తీరిక హక్కు అని 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం చెబుతుంది. మీ ఊళ్లో ఎవరికి ఎంత తీరిక ఉందో లెక్కకట్టి ప్రాజెక్టు చేయండి. సాయంత్రం వంతెన మీద కూర్చునేది ఎవరు? కాలువ గట్టున నడిచేది ఎవరు? దాళ్వా నాట్లు వేసి వచ్చిన ఆడవాళ్లు ఎప్పుడు కూర్చుంటారు? పార్కు కట్టి గేటు సాయంత్రం ఆరింటికి మూసేస్తే ఆ పార్కు వాళ్లకు లేనట్టే.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లేటప్పుడు ఈసారి చదువుకునే కళ్లతో చూడండి. వెదురుతో కట్టి అలంకరించిన ఏకాదశ రుద్రుల ప్రభలను భుజాల మీద మోసుకుంటూ, చేలకు అడ్డం పడి, కౌశిక నది దాటించి తెస్తారు. మోసేవారు ఎక్కడ భుజం మార్చుకుంటున్నారు, జనాన్ని ఎవరు పక్కకు తప్పిస్తున్నారు, పిల్లలు తప్పిపోకుండా ఏ ఏర్పాటు ఉంది? తరతరాలుగా ఊళ్లవాళ్లే నడుపుకుంటున్న ఇంత పెద్ద వేడుకను చూసి రాస్తే, నిర్వహణ పేపర్‌కూ తీరిక పేపర్‌కూ సొంత ఉదాహరణ దొరుకుతుంది.

చదువు నడుస్తుండగానే

రెండో ఏడాదిలో ఏదో ఒక ఆటలో రిఫరీ పరీక్ష రాయండి. శిక్షకులు కావాలనుకుంటే 1961 నుంచి నడుస్తున్న పాటియాలా జాతీయ క్రీడా సంస్థ డిప్లొమా గురించి తెలుసుకోండి. ఆటలకు డిగ్రీ ఎందుకని బంధువులు అడుగుతారు, మా మేనమామ కూడా అడిగాడు. మాటలతో వాదించకుండా ఊరి పోటీలకు ఒకసారి కోర్టు గీసి, పట్టిక వేసి, తగాదా లేకుండా నడిపి చూపండి.

సామాను ఒకేసారి కొనక్కర్లేదు. ముందుగా 30 మీటర్ల స్టీలు టేపు, స్టాప్ వాచ్, ఇనుప మేకులు, సుత్తి, ప్రథమ చికిత్స పెట్టె ఉంటే చాలు. విజిల్ కొనేటప్పుడు లోపల గోళీ లేని రకం తీసుకోండి, వానలో తడిసినా పలుకుతుంది.